హాజరు పట్టీలో మిగతా పేర్లు

మీరు కారు నడుపుతూ వింటున్నారో, వంటింట్లో పోపు వేస్తూ వింటున్నారో నాకు తెలియదు. ఎక్కడున్నా సరే, ఒక్కసారి మీ పదో తరగతి గదిని గుర్తు చేసుకోండి. కిటికీ ఏ వైపు ఉండేది? మీ పక్కన ఎవరు కూర్చునేవాళ్లు? వెనక బెంచీలో ఎవరు? పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయా? మగవాళ్లకు మగపిల్లల పేర్లు ముందొస్తాయి, ఆడవాళ్లకు ఆడపిల్లల పేర్లు. అవతలి వరుస పేర్లు కాస్త ఆలస్యంగా వస్తాయి. కొన్ని అసలే రావు. ఆ రాని పేర్ల సంగతి కాసేపయ్యాక మాట్లాడుకుందాం.

ఈ పావుగంట మన ముచ్చట పాత క్లాస్‌మేట్ల గురించి. హైస్కూల్లో మనతో చదివి, ఆ తర్వాత తలో దిక్కు అయిపోయినవాళ్లు. ఇన్నేళ్లకు వాళ్లతో మళ్లీ మాట కలిస్తే ఏం మాట్లాడుకుంటాం? ఏం దాచుకుంటాం? ఎవరితో అసలు మాటే కలవదు?

మనం ఉంటున్న ఈ అమెరికాలో దీనికి పాత సంప్రదాయమే ఉంది. హైస్కూల్ రీయూనియన్ అంటారు. చదువు ముగిసిన పదేళ్లకు ఒకసారి, ఇరవై ఏళ్లకు ఒకసారి, అలా యాభై ఏళ్ల దాకా కలుస్తుంటారు. ఎవరో ఇద్దరు ముగ్గురు పూనుకుని కమిటీ అవుతారు, హోటల్లో హాలు మాట్లాడతారు. తలుపు దగ్గర ప్రతి ఒక్కరికీ ఒక బ్యాడ్జీ ఇస్తారు. చాలాచోట్ల దాని మీద పేరుతో పాటు స్కూలు ఇయర్‌బుక్‌లోని ఆనాటి ఫోటో కూడా వేస్తారు. బట్టతల పెద్దమనిషి చొక్కా మీద జులపాల కుర్రాడు నవ్వుతుంటాడు. పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడవాళ్లకైతే పుట్టింటి పేరు కూడా రాస్తారు. లేకపోతే ఎవరూ పోల్చుకోలేరు కదా! ఒక మూల బల్ల మీద, కాలం చేసిన క్లాస్‌మేట్ల ఫోటోలు ఉంటాయి.

పాత స్నేహితులను వెతుక్కోవడం ఇక్కడివాళ్లకు ఎంత ముఖ్యమంటే, 1995లోనే రాండీ కాన్రాడ్స్ అనే ఆయన అచ్చంగా ఆ పనికోసమే క్లాస్‌మేట్స్ అనే వెబ్‌సైట్ పెట్టాడు. ఫేస్‌బుక్ పుట్టింది 2004లో. అంటే దానికన్నా తొమ్మిదేళ్లు ముందన్నమాట.

అయితే వాళ్ల హైస్కూలుకూ మన హైస్కూలుకూ ఒక తేడా ఉంది. వాళ్లది పన్నెండో తరగతితో ముగుస్తుంది. పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేస్తాయి. మనది పదితో అయిపోయేది, పదిహేనేళ్లకే. మూడేళ్లే కదా తేడా అనుకోకండి. ఆ మూడేళ్లలోనే మనల్ని విడగొట్టేశారు.

ఎలా విడిపోయామో గుర్తుందా? టెన్త్ ఫలితాలు వచ్చాయి. ఆ వేసవి దాటేసరికి ఎంపీసీ వాళ్లు ఒక వైపు, బైపీసీ వాళ్లు ఒక వైపు. సీఈసీలో కొందరు. పాలిటెక్నిక్‌కు కొందరు, ఐటీఐకి కొందరు. ఫెయిలై పొలానికి వెళ్లినవాళ్లు. పాసై కూడా పెళ్లిపీటల మీదికి వెళ్లినవాళ్లు. ఆ తర్వాత ఎంసెట్ వచ్చి, ఎంపీసీ వాళ్లను మళ్లీ జల్లించింది. ర్యాంకును బట్టి కాలేజీ, కాలేజీని బట్టి ఉద్యోగం, ఉద్యోగాన్ని బట్టి వీసా. ఇలా వడపోతల మీద వడపోతలు దాటి, మనం ఇక్కడికి వచ్చి పడ్డాం.

ఇప్పుడు మన చుట్టూ చూసుకోండి. నేనుండే డాలస్ వైపు ఏ కొత్త కాలనీకైనా వెళ్లండి. ఆ వీధి మలుపు నుంచి ఈ మలుపు దాకా తెలుగువాళ్లే. సంతోషమే. కానీ అందరూ ఒక రకం చదువే చదివినవాళ్లు. ఒక రకం ఉద్యోగం, ఒక రకం దిగుళ్లు. రైతు లేడు. లారీ డ్రైవర్ లేడు. అంగన్‌వాడీ టీచరమ్మ లేదు. మన పదో తరగతి గదిలో వీళ్లంతా ఉన్నారు! అప్పటికి ఎవరు ఏమవుతారో తెలియదు కాబట్టి అందరం ఒకే చోట కూర్చున్నాం. బెంచీల్లోనూ తేడాలు ఉండేవి, కాదనను. ఏ వీధి పిల్లలు ఏ మూల కూర్చోవాలో చెప్పకుండానే తెలిసిన ఊళ్లు ఉన్నాయి. అయినా గది ఒకటే. లెక్కల మాస్టారి బెత్తం ఒకటే.

ఈ మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా దీని మీదే నిలబడి ఉంది. మనలో చాలామందికి పదో తరగతి గదే అన్ని రకాల మనుషులతో కలిసి కూర్చున్న ఆఖరి గది.

ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అదే తానా, సభలకు ఎప్పుడైనా వెళ్లారా? బేసి సంవత్సరాల్లో, జులై నాలుగు సెలవుల చుట్టూ జరుగుతుంటాయి. 2023లో ఫిలడెల్ఫియాలో జరిగాయి, 2025లో డెట్రాయిట్ పక్కన నోవైలో. సరి సంవత్సరాల్లో అమెరికన్ తెలుగు అసోసియేషన్, అంటే ఆటా, సభలు. ఆ సభల్లో వేదిక మీద జరిగేవి ఒక ఎత్తు, పక్క గదుల్లో పూర్వ విద్యార్థులు కలుసుకోవడం ఒక ఎత్తు. నన్నడిగితే రెండోదే అసలు సభ. అక్కడ వినిపించే పేర్లు ఏమిటి? గుంటూరు మెడికల్ కాలేజీ, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ, వరంగల్ ఆర్‌ఈసీ. అన్నీ కాలేజీలే. దీనికి కారణం ఉంది. 1965లో అమెరికా వలస చట్టం మార్చాక మొదటి విడత ఎక్కువగా వచ్చింది డాక్టర్లు. ఒక్కో మెడికల్ కాలేజీ నుంచి బ్యాచ్‌లకు బ్యాచ్‌లు వచ్చేశాయి. గుంటూరు మెడికల్ కాలేజీ వాళ్లకైతే ఉత్తర అమెరికాలో ప్రత్యేకంగా ఒక పూర్వ విద్యార్థుల సంఘమే ఉంది. తాము చదువుకున్న ఊళ్లోని పెద్దాసుపత్రికి సాయం చేస్తూ వచ్చారు. ఆ తర్వాత 1990 చట్టంతో హెచ్ వన్ బీ వీసా వచ్చింది, ఇంజనీర్ల విడత మొదలైంది. వాళ్లదీ అదే పద్ధతి. కాలేజీ క్లాస్‌మేట్లు ఒకే ఊళ్లో పదిమంది దొరుకుతారు.

హైస్కూల్ క్లాస్‌మేట్లు అలా దొరకరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినవాళ్లను అడగండి. క్లాసు మొత్తానికి అమెరికాలో ఒక్కరో ఇద్దరో ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు న్యూజెర్సీలో, ఇంకొకరు కాలిఫోర్నియాలో!

దీనికి మినహాయింపులు లేకపోలేదు. హైదరాబాద్ బేగంపేటలోని పబ్లిక్ స్కూల్ ఉంది. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైన బడి. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల, అడోబీని నడిపిన శంతను నారాయణ్, ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైన అజయ్ బంగా, ముగ్గురూ ఆ బడిలో చదివినవాళ్లే. వాళ్లు కలుసుకుంటే అది వార్త.

నాకు ఇంకా ముచ్చటైన మినహాయింపు వేరే ఉంది. సర్వేల్. అప్పటి నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1971లో అక్కడ గురుకుల పాఠశాల తెరిచారు. ఆ మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో ఒకటి, అప్పటి అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఒకటి. పల్లెటూరి పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను తీసుకుని, హాస్టల్లో ఉంచి, పదో తరగతి దాకా చదివించేవారు. ఆ పిల్లలు ఇవాళ అమెరికాలో చాలామందే ఉన్నారు. ఇద్దరు గురుకులం వాళ్లు ఎదురుపడితే చూడాలి మీరు. పక్కనున్న భార్యాపిల్లలను కూడా మర్చిపోతారు. అమ్మానాన్నలకు దూరంగా, ఒకే డార్మిటరీలో, ఒకే సాంబారు తిని పెరిగిన పిల్లలు మరి. వాళ్లకు క్లాస్‌మేట్ అంటే సగం తోడబుట్టినవాడే.

మిగతావాళ్లందరికీ ఉన్నది వాట్సాప్ గ్రూపు.

గ్రూపు గురించి మీకు నేను చెప్పేదేముంది? వేసవిలో మా డాలస్‌లో రాత్రి పదయ్యేసరికి అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. పిల్లలు పడుకున్నారు, గిన్నెలు డిష్‌వాషర్లో పడ్డాయి, ఫోన్ చేతిలోకి తీసుకుంటాం. అప్పటికే అరవై మెసేజీలు. శుభోదయం పువ్వులు. దేవుడి బొమ్మలు. ఎవరిదో పెళ్లిరోజు. రాజకీయాలు పెట్టొద్దని అడ్మిన్ హెచ్చరిక. ఆ కిందే రాజకీయాలు. అలిగి ఒకడు గ్రూపులోంచి వెళ్లిపోతాడు. ఇంకొకడు ఫోన్ చేసి బతిమాలి తీసుకొస్తాడు. నవ్వు వస్తుంది కానీ, ఆ గ్రూపులోనే ఒకరి బిడ్డకు ఆపరేషనంటే సాయంత్రానికి డబ్బు పోగవుతుంది. యాక్సిడెంట్‌లో పోయిన క్లాస్‌మేట్ ఇంటికి బ్యాచ్ అంతా కలిసి వెళ్లి పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసొస్తారు. జిల్లా పేజీల్లో ఇలాంటి వార్త చూడని వారం తక్కువ.

ఇంత దగ్గరగా ఉన్నట్టుండే చోట కూడా, అసలు సంగతులు మాత్రం చెప్పుకోం. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి.

అమెరికాలో ఉన్నవాడు ఏం పెడతాడు? నయాగరా ఫోటో పెడతాడు. మంచు పడితే మంచు పెడతాడు. 2022 చివర, 2023లో ఇక్కడ పెద్ద పెద్ద టెక్ కంపెనీలు వేలమందిని తీసేశాయి. హెచ్ వన్ బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఉండే గడువు అరవై రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ పట్టుకోవాలి, లేదంటే ఇల్లూ బడీ సర్దుకుని బయల్దేరాలి. ఆ అరవై రోజుల్లో నిద్ర పట్టనివాళ్లు మన మధ్య ఎంతమంది! స్కూలు గ్రూపులో ఆ మాట రాసినవాళ్లు ఎంతమంది? రాయరు. ఊళ్లో తెలిస్తే అమ్మానాన్నలకు తెలుస్తుంది. అదొక భయం. అమెరికావాడన్న పేరు పోతుంది. అదింకో భయం.

అక్కడున్నవాడు ఏం పెడతాడు? మిరపచేను ఎర్రగా పండిన ఫోటో పెడతాడు. బోరు ఎండిపోయిన సంగతి పెట్టడు. తెచ్చిన అప్పు పెట్టడు. చెబితే అమెరికావాడు డబ్బు కోసం అడుగుతున్నాడనుకుంటాడేమో అని మొహమాటం. ఇటు మనకు, ఫోన్ చేస్తే ఎక్కడ డబ్బు అడుగుతాడోనని అనుమానం. నిజం మాట్లాడుకుందాం శ్రోతలూ, ఈ అనుమానం మనలో చాలామందికి ఉంది. దాంతో, మాట్లాడాల్సిన ఇద్దరూ మాట్లాడుకోరు. పువ్వులు పంపుకుంటూ ఉంటారు.

మా బ్యాచ్‌లో ఒకతను ఆర్టీసీ డ్రైవరు. ఒక రాత్రి ఊరికే ఫోన్ చేశాను. అతను కంపెనీ ఏమిటని అడగలేదు, జీతమెంతని అడగలేదు. "ఒరే, అక్కడ రాత్రిపూట నీకు నిద్ర బాగా పడుతోందా?" అన్నాడు. తను నైట్ డ్యూటీలు చేసి చేసి నిద్ర పాడుచేసుకున్నాడట. అక్కణ్నుంచి గంట మాట్లాడుకున్నాం. బీపీ, మోకాళ్లు, పిల్లాడి చదువు, నాన్న పోయినప్పటి సంగతి. ఇక్కడ ఏ పార్టీలోనూ నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఇక్కడి ప్రశ్నలు మీకు తెలుసు. ఏ క్లయింటు? గ్రీన్‌కార్డు ఎంతవరకు వచ్చింది? పిల్లలది ఏ స్కూలు డిస్ట్రిక్టు?

గ్రీన్‌కార్డు అంటే గుర్తొచ్చింది. పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు ఊళ్లో ఎక్కువగా సంక్రాంతికి పెడతారు, లేదా వేసవిలో. పాత మాస్టార్లను పిలుస్తారు, శాలువాలు కప్పుతారు, ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుంటారు. అందరూ బడి మెట్ల మీద నిలబడి ఫోటో దిగుతారు. మనవాళ్లు కొందరు వెళ్లలేరు. డబ్బు లేక అనుకోకండి, గ్రీన్‌కార్డు లేక. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ మామూలుగా ఏడు శాతానికి మించి ఇవ్వరు. మనవాళ్ల క్యూ ఏళ్లకు ఏళ్లు సాగుతుంది. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ పడాలి. పడకపోతే ఉద్యోగం ఇక్కడ, మనిషి అక్కడ. అందుకని పాతికేళ్ల పండగను కూడా వీడియో కాల్లో చూసుకుంటారు. అక్కడ ఎవరో ఫోన్ పైకెత్తి పట్టుకుంటారు. మాస్టారు ఫోన్‌లోకి తొంగి చూసి, "ఎవరూ? ఓహో, నువ్వా!" అంటారు. నిజంగా గుర్తుపట్టారో, మర్యాదకు అన్నారో తెలియదు.

సరే. ఇందాక రాని పేర్లన్నాను కదా. ఇప్పుడు అక్కడికి వద్దాం.

మీ బ్యాచ్ గ్రూపులో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. అందులో ఆడవాళ్లు ఎంతమంది? హాజరు పట్టీలో ఎంతమంది ఉండేవాళ్లు? రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మగపిల్లలను వెతకడం సులువు. ఊరి పేరు, ఇంటిపేరు చెబితే ఎవరో ఒకరు నంబరు ఇస్తారు. ఆడపిల్ల అలా దొరకదు. పెళ్లితో ఊరు మారింది. ఇంటిపేరు మారింది. ఫోన్ నంబరు భర్త పేరునో కొడుకు పేరునో ఉంటుంది. ఆడపిల్ల పెళ్లి వయసు పద్దెనిమిదేళ్లని 1978లోనే చట్టం మార్చారు. ఆ తర్వాత ఎంతకాలమో మన ఊళ్లలో ఆ లెక్క ఎవరూ చూడలేదు. పదో తరగతి పరీక్షల వేసవిలోనే మెడలో తాళి పడినవాళ్లు ఎంతమంది! లెక్కల్లో మనకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి వాళ్లలో ఉండొచ్చు. ప్రతి క్లాసులోనూ ఉందనే నా అనుమానం, మీ క్లాసైనా మా క్లాసైనా.

మా బ్యాచ్‌లో అలాంటి ఒకామెను మా క్లాస్ అమ్మాయిలే వెతికి పట్టుకున్నారు. పెళ్లయి వేరే జిల్లాకు వెళ్లిపోయింది. టైలరింగ్ చేసి ఇద్దరు ఆడపిల్లలను డిగ్రీ చదివించింది. సమ్మేళనానికి రమ్మంటే మొదట రానంది. "మీరంతా పెద్దవాళ్లయ్యారు, నేనొచ్చి ఏం చెప్పుకోను?" అంది. నాకు ఆ మాట చాలాకాలం మింగుడుపడలేదు. పెద్దవాళ్లమన్న భావన ఆమెకు ఎక్కణ్నుంచి వచ్చింది? మనం గ్రూపుల్లో పెట్టుకున్న ఫోటోల నుంచే వచ్చింది. చివరికి వచ్చింది. ఆ రోజు మైకు పట్టుకున్నవాళ్లలో అందరికంటే బాగా మాట్లాడింది ఆమే.

పిల్లలను ఇక్కడే చదివిస్తున్నవాళ్లకు ఒక మాట. మీ అమ్మాయి హైస్కూల్ రీయూనియన్‌కు వెళ్లేనాటికి ఆమె బ్యాడ్జీ మీద పుట్టింటి పేరు ఉంటుంది, ఫోటో ఉంటుంది, వెతికి పిలిచే కమిటీ ఉంటుంది. మన క్లాసు అమ్మాయిలకు అవేవీ లేవు. వాళ్లకు ఉన్న కమిటీ మనమే.

కాబట్టి ఒక పని చేద్దాం. దొరికినవాళ్లతోనే సమ్మేళనం పెట్టుకుని బ్యాచ్ అంతా కలిశామని చెప్పుకోవద్దు. దొరకనివాళ్లను వెతుకుదాం. మళ్లీ చెబుతున్నాను, దొరకనివాళ్లను వెతుకుదాం. ఎలాగంటారా? బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. టెన్త్ పరీక్షకు పంపిన నామినల్ రోల్స్ ఉంటాయి. తండ్రి పేరుతో సహా పేర్లన్నీ అందులో ఉంటాయి. ఊళ్లో ఉన్న క్లాస్‌మేట్ ఒకరు హెడ్‌మాస్టారిని అడిగి చూసిరావచ్చు. తండ్రి పేరు తెలిస్తే అన్నదమ్ములు దొరుకుతారు. అన్నదమ్ములు దొరికితే ఆడపడుచు దొరికినట్టే. ఊళ్లో పాత కిరాణా కొట్టువాళ్లను అడగండి, ఎవరి పిల్లను ఏ ఊరిచ్చారో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

రెండు జాగ్రత్తలు. ఆడవాళ్లకు మొదటి ఫోన్ ఆడవాళ్లే చేయాలి. అడగకుండా ఎవరి నంబరూ గ్రూపులో చేర్చకండి. కొందరి ఇళ్లలో అది గొడవవుతుంది. గ్రూపులో వద్దంటే వద్దు, ఫోన్‌లో మాట్లాడితే చాలు. రెండోది, దొరికిన మనిషిని మొదటి మాటలోనే ఏం చేస్తున్నావని అడగకండి. ఎలా ఉన్నావని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

ఈ శనివారం మీ క్లాసులో ఒక్కరికి ఫోన్ చేయండి. గ్రూపులో లేనివాళ్లయితే మరీ మంచిది. వేసవిలో మా డాలస్‌లో రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆదివారం పొద్దున ఏడున్నర, ఆడవాళ్లకు ఊపిరాడని వేళ. ఇంకో రెండు గంటలు ఆగి, పదకొండింటికి చేయండి. అక్కడ తొమ్మిదిన్నరవుతుంది, టిఫిన్లు అయిపోయి తీరిగ్గా మాట్లాడతారు.